కారం లేని మిరప గింజలు

మా బాపు పిండి గిర్ని ఆగిపోయి చాలా కాలమైంది. దాని కింది రాయి ఇప్పుడు మా పెరట్లో, బావి పక్కన, బట్టలుతికే బండగా పడి ఉంది. ఇప్పుడే వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించి వచ్చాను. తడిగా, చల్లగా ఉంది. ఆ రాయి మీద ఒట్టు, నన్ను కన్న మా అవ్వ మీద ఒట్టు, గోదారి మీద ఒట్టు, ఇక్కడ నేను రాయబోయే ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. చెన్నూరులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. గప్పాలోడి ఇల్లేదంటే మాత్రం ఎవరైనా చూపిస్తారు. కానీ కోతలు కోసే గప్పాలోడికి కూడా బతుకులో ఒకసారి నిజం చెప్పక తప్పని రోజు వస్తుంది. నాకు వచ్చింది. ఆ రోజు సంగతే ఇది.

నిజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ అనే కొత్త పేరు ఇంకా నోటికి అలవాటు కాని రోజులు. నాకు మీసాలు బాగా వచ్చి, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. మా గిర్నికి ఆయిలు ఇంజను ఉండేది. పైకప్పులోంచి ఇనప గొట్టం బయటికి తలపెట్టి టుక్కు టుక్కుమని పొగ ఊదుతుంటే, ఆ చప్పుడు పత్తి చేల దాకా వినబడేది. పిండి గంపలతో వరుసగా కూర్చున్న ఆడవాళ్ల కనురెప్పల మీద తెల్లగా పిండి పడి, అందరూ ఒకేసారి ముసలివాళ్లయినట్టు కనిపించేవాళ్లు. ఇంటికి పోయి మొహం కడుక్కుంటే మళ్లీ పడుచువాళ్లు. గిర్ని ముందర చిన్న కిరాణా దుకాణం. ఉప్పు, బెల్లం, గ్యాసునూనెతో పాటు బాపు విసిరిన జొన్నపిండి కూడా అమ్మేవాడు. బడిపంతులు, పోలీసు జవాను, తాలూకా కచేరీ గుమస్తాలు, ఇంట్లో జొన్నల నిల్వ లేని వాళ్లంతా మా దగ్గరే పిండి కొనేవాళ్లు.

గిర్ని నడిపేవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. మిరపకాయలు పట్టాక రాళ్ల సందుల్లో కారం మిగిలిపోతుంది. ఆ వెంటనే ఎవరి జొన్నలు పోసినా ఆ ఇంట్లో పిల్లలు రొట్టె తిని ఏడుస్తారు. అందుకని కారం తర్వాత మా సొంత జొన్నలు కొన్ని పోసి ఇంజను తిప్పేవాళ్లం. దాన్ని రాయి కడుగుడు అనేవాళ్లం. ఆ కడుగుడు పిండి కొంచెం ఎర్రగా, కొంచెం ఘాటుగా ఉండేది. దాన్ని అమ్మడం బాపుకు ఇష్టం లేదు, పారబోయడం అంతకన్నా ఇష్టం లేదు. అది మా వెనక సందులో ఉండే పెద్దవ్వకు పోయేది.

పెద్దవ్వ మాకు చుట్టం కాదు. సందు మొత్తానికి ఆమె పెద్దవ్వే. ఒక్కడే కొడుకు. నిజాం పోయే ముందటి గడబిడలో, ఊళ్లో మగపిల్లలు ఏరు దాటి నిజాం హద్దు అవతలి చాందా దిక్కు పోతున్నప్పుడు వాడూ భుజం మీద గొంగడి వేసుకుని పోయాడు. గడబిడ తగ్గాక కొందరు తిరిగొచ్చారు. వాడు రాలేదు. పోయాడని చెప్పినవాడూ లేడు, ఉన్నాడని చెప్పినవాడూ లేడు. ఆమె మిరపకాయల తొడిమలు తీసే పనికి వచ్చేది. కడుగుడు పిండి కొంగులో పోయించుకుంటూ, "గీ పిండితోని నాకు కూర ఖర్చు లేదు. గిందులనే కారమున్నది, జర ఉప్పేస్తే సాలు," అనేది. ఆమె నవ్వినప్పుడు శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

ఆ ఏడు వానలు వెనకబడి, కోతలప్పుడు కురిశాయి. అంగట్లో బాపు ఒక బస్తా జొన్నలు కొన్నాడు. ఏటి అవతలి చేనువట. వానకు భయపడి కల్లం సరిగ్గా ఊడ్వకుండానే నూర్చినట్టున్నారు. ఆ కల్లం చుట్టూ ఏం మొలిచి ఉందో మాకేం తెలుసు? మా గోనెతట్టు మీద అంతకుముందు మిరపకాయలు ఆరబోశాం. దాని మీదే ఆ జొన్నలు కుమ్మరించాం. బాపు చేత్తో కెలికి, జొన్నల మధ్యలోంచి పైకి తేలిన పసుప్పచ్చటి, చదునైన గింజలు చూశాడు.

"తట్టు మీది మిరప గింజలు కలిసినయిరా. పైపై జొన్నలు కడుగుడుకు పొయ్యి. కింది జొన్నలు దుకాణంకు."

"పైవి మంచిగ జల్లెడ పడితే పోతయి గద బాపూ."

"పెద్దవ్వకు కారమంటే పానం. ఉండనియ్యి."

గింజలు ఎక్కువున్న పైపై జొన్నల పిండంతా పెద్దవ్వకు పోయింది. మిగతా పిండి సాయంత్రానికి దుకాణంలో అమ్ముడుపోయింది. మా ఇంట్లో పిండి నిండుకుందని అవ్వ కూడా దాంట్లోంచే తీసుకుంది.

మర్నాడు పొద్దున బాపుకు ఒక్కపొద్దు. అవ్వ రొట్టెలు కాలుస్తూ ఇంకా తినలేదు. నేను సగం రొట్టె తిన్నానో లేదో, గిర్ని దగ్గర ఎవరో కేకేస్తే మిగతా సగం వదిలేసి వెళ్లాను. ఆ సగం రొట్టె ఎన్నేళ్లయినా నా ఒంట్లోనే ఉందేమోనని అప్పుడప్పుడు అనుమానం.

ముందుగా నాలుక గుడ్డపేలికలా అయింది. నీళ్లు తాగితే నీళ్లు నోట్లోకి కాకుండా ఇంకెటో పోయినట్టుంది. తర్వాత వెలుతురు పెరిగింది. గిర్ని లోపల ఎగిరే పిండి దుమ్ములో ఒక్కొక్క నలుసుకూ ఒక్కొక్క నీడ కనిపించింది. ఇంజను చప్పుడు నెమ్మదించింది. ఒక టుక్కుకూ ఇంకో టుక్కుకూ మధ్య ఒక మధ్యాహ్నమంత తీరిక. పైకప్పు గొట్టంలోంచి పొగకు బదులు తెల్లకొంగలు ఒకటి వెంట ఒకటి బయటికి పోతున్నాయి, వాటికి తొందర లేదు. భయం వేయలేదు. ఇన్నాళ్లూ కొంగలే పోతున్నాయి కాబోలు, నేనే పొగ అనుకున్నాను అనిపించింది.

బయటికొస్తే బజారులోకి గోదారి వచ్చి ఉంది. మా ఊరికీ ఏటికీ మధ్య ఎంత దూరమో చెన్నూరు వాళ్లను అడగండి. ఆ పొద్దు మాత్రం తనే నడిచి వచ్చింది. వరదలా కాదు, చుట్టపుచూపుగా, చీలమండల ఎత్తున. దుకాణం గడప దగ్గర ఆగి నన్ను అడిగింది, "జర ఉప్పున్నదా?" అని. ఇన్ని ఊళ్లు తిరిగే మంచినీళ్ల నదికి ఉప్పెందుకని అడుగుదామంటే నోరు పెగల్లేదు. గుప్పెడు ఉప్పు తీసి వీధిలోకి విసిరాను. "ఎవలకేస్తున్నవురా ఉప్పు?" అని బాపు లోపల్నుంచి అరిచాడు. నది మర్యాదగా పక్కకు జరిగింది.

అప్పటికే ఊళ్లో చాలామంది కళ్లకు చేతులడ్డం పెట్టుకుని తిరుగుతున్నారు. బడిపిల్లలు పలకలు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, పంతులు గోడకు ఎక్కాలు చెబుతున్నాడనీ, గోడ తిరిగి అప్పజెప్పేదాకా బెత్తం పట్టుకుని నిలబడ్డాడనీ చెప్పారు. పోలీసు జవాను ఒక మేకపోతుకు సలాము కొట్టి, అది తిరిగి కొట్టలేదని చిన్నబుచ్చుకున్నాడు. ఇంకో సందులో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని గాలిలోంచి పత్తి ఏరుతున్నారు. అక్కడ పత్తి లేదు. వేళ్లు మాత్రం చేలో ఉన్నంత ఒడుపుగా కదులుతున్నాయి. ఏరినది ఒళ్లో వేసుకుంటున్నారు, ఒడి నిండగానే కొంగు సర్దుకుంటున్నారు. వాళ్లను చూస్తూ నిలబడితే నాకూ పత్తి కనిపించింది. అంత తెల్లటి పత్తి మా జిల్లాలో మళ్లీ పండలేదు.

సర్కారు దవాఖాన కాంపౌండరు ఆయాసపడుతూ మా గిర్నికి వచ్చాడు. వచ్చీ రాగానే నా గడ్డం పట్టుకుని, కనురెప్ప పైకెత్తి చూశాడు.

"నీ కొడుకు గూడ తిన్నడు, శావుకారూ. కండ్లు జూడు, నల్లగుడ్డు తప్ప ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం తిన్నడు?" అన్నాడు బాపు.

"దవాఖానకు వచ్చినోళ్లందరిని అడిగిన. అందరు నీ దుకాణం పిండి రొట్టెలే తిన్నరు. గిది ఉమ్మెత్త. గింజలు జొన్నలల్ల కలిసినయి."

బాపు పిండి డబ్బాలో చెయ్యి పెట్టి, తీసి, ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. "గవి మిరప గింజలనుకున్న..."

"అచ్చం గట్లనే ఉంటయి. ఇప్పుడు తిన్నోళ్లు పొద్దుగూకేటాళ్లకు తేరుకుంటరు, మందిస్త. కని మళ్లొక పూట గీ పిండితోని పొయ్యి ముట్టిస్తే నేను జిమ్మెదారు గాదు. పోరగాండ్లు, ముసలోళ్లయితే రెండోపారికి గుండె ఆగుతది. పిండంత వాపసు తెప్పియ్యి."

బాపు వెళ్లి ఇంజను ఆపాడు. పట్టపగలు గిర్ని ఆగడం నేను అదే మొదటిసారి చూడ్డం. ఆ నిశ్శబ్దానికి కొంగలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి.

"అమ్మింది మనం. వాపసు తెచ్చేది మనం," అన్నాడు బాపు. "డప్పు కొట్టేటోన్ని పిలువు, చాటింపు ఏపిద్దాం."

నేను పోయి చూసొచ్చాను. డప్పు కొట్టే ఆయన కూడా పొద్దున మా పిండి రొట్టే తిన్నాడు. డప్పును ఒళ్లో పడుకోబెట్టుకుని, అరచేత్తో మెల్లగా తడుతూ నిద్రపుచ్చుతున్నాడు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు, లేస్తుందని.

ఇంక మిగిలింది నా నోరు. ఆ నోటి పరపతి ఊళ్లో ఎంతో మీకు ముందే చెప్పాను. బాపు నా భుజం మీద ఖాళీ సంచీ వేసి పంపించాడు. నేల ఇంకా కొంచెం మెత్తగానే ఉంది, అడుగు వేసినప్పుడల్లా లోపలికి దిగి మళ్లీ పైకి తేల్చుతోంది. మొదటి ఇంట్లో ఒక వదినె చాటలో బియ్యం చెరుగుతోంది. వాళ్లింట్లో ఎవరూ ఇంకా ఆ పిండి ముట్టలేదు.

"వదినే, నిన్న కొన్న పిండి ఇచ్చెయ్యి. అండ్ల ఉమ్మెత్త గింజలున్నయి. తింటే పానం పోతది."

ఆమె చెరగడం ఆపలేదు. "పోయిన నెల ఏం జెప్పినవ్? మొసలి మీద ఎక్కి సిరోంచ పోయి, అంగడి చేసుకొని, అదే మొసలి మీద మళ్లొచ్చిన అంటివి."

"గది గప్పం వదినే. గిది నిజం."

"గప్పుడు సుత గదే మాటంటివి. ఒట్టు గూడ పెడితివి."

"మా అవ్వ మీద ఒట్టు."

"గా ఒట్టే పెడితివి."

పక్కింటాయన అరుగు మీంచి అందుకున్నాడు. "ఏమే, వాని కండ్లు జూడు, పొద్దుగాల్నే కల్లు దాగినట్టున్నడు. మీ బాపుకు పిండి తక్కువ వడ్డదారా? మంచి పిండి మాతాన గుంజుకొని సర్కారోళ్లకు అమ్ముతరా?"

ఒక్క ఇల్లు కాదు, సందు సందంతా ఇదే. పంతులు గోడకు ఎక్కాలు చెబుతున్నాడంటే అదీ నా గప్పమే అన్నారు. నేను నిజం చెప్పినకొద్దీ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకాయన తన పిల్లల్ని పిలిచి, "రాండ్రి, గప్పాలోడొచ్చిండు, ఇనుండ్రి," అని కూర్చోబెట్టాడు. పొద్దు వాలుతోంది. ఇంకాసేపటికి రాత్రి రొట్టెలకు పొయ్యిలు ముట్టిస్తారు. నాకు ఏడుపొచ్చింది, కానీ కళ్లు కూడా నాలుకలాగే ఎండిపోయి ఉన్నాయి.

అప్పుడు నాకు అలవాటైన దారిలోకి దిగాను. వీధి మధ్యలో కూలబడి, తలమీద చేతులు పెట్టుకుని, నిజం అంతా పక్కన పెట్టి అన్నాను: "అసలు సంగతి గది గాదే! మా అవ్వ బంగారు ముక్కుపుల్ల గిర్నిల వడ్డది. ఎవలి పిండిల వొయిందో తెల్వది. బాపు సంపుతడు నన్ను!"

ఇది మాత్రం నమ్మారు. ఎంతగా నమ్మారంటే నాకు పిండి ఇవ్వడం మానేసి, ఎవరి పిండి వాళ్లే జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. ప్రతి అరుగు మీదా ఒక జల్లెడ. సందంతా తెల్లటి దుమ్ము లేచింది. సాయంకాలపు ఎండ దాంట్లోంచి పడి వీధి వీధంతా పాలలో ముంచినట్టయింది. ఆ తెలుపులో మనుషులు మెడలు వంచి, మాటా పలుకూ లేకుండా, ముక్కుపుల్ల కోసం వేళ్లతో వెతుకుతున్నారు. నాకది గాలిలో పత్తి ఏరడం లాగే కనిపించింది. ఈసారి అందరూ మెలకువలోనే ఉన్నారు.

బంగారం దొరకలేదు. రాళ్ల మధ్య సరిగ్గా నలగని చదును గింజలు జల్లెడలో మిగిలాయి.

"ఏమున్నయి? మిరప గింజలే," అన్నాడు అరుగు మీది ఆయన. అంటూ ఒక గింజను పంటి కింద పెట్టాడు. నమిలాడు. మొహం ముడుచుకుంది. ఉమ్మేశాడు.

"కారం లేదేందిరా? చేదున్నది."

పక్క అరుగు మీద జల్లెడ ఆగింది. ఆ పక్కది ఆగింది.

"మిరప గింజకు కారం లేకపోవుడేంది?" అంది వదినె. ఈసారి నా వైపు చూసినప్పుడు ఆమె కళ్లలో నవ్వు లేదు. "నువ్వు నిజమే జెప్పినవారా?"

"అవునే."

"మరి నిజం జెప్పేటోనివి నిజం జెప్పేటోని లెక్క జెప్పద్దా!" అని నా మీదే కేకలేసింది. జల్లించిన పిండి, జల్లించని పిండి, తడిపిన ముద్దలు, అన్నీ సంచీలోకి వచ్చాయి. కొందరు తామే మోసుకుని గిర్ని దగ్గరికి నడిచారు. అక్కడ గడపలో మా అవ్వ నిలబడి ఉంది. "వదినే, దొరికిందా ముక్కుపుల్ల?" అని ఒకామె జాలిగా అడిగింది. అవ్వ ముక్కు తడుముకుని, "నా ముక్కుకే ఉన్నది గదనే," అంది. ఆ సాయంత్రం చెన్నూరులో నన్ను తిట్టని నోరు లేదు. అన్ని తిట్లు అంత హాయిగా నేనెప్పుడూ వినలేదు.

బాపు వచ్చిన పిండి వచ్చినట్టు తూచి చూశాడు. ఎవరికెంత పోసిందీ ఆయనకు నోటికి తెలుసు. పంతులుది వచ్చింది, జవానుది వచ్చింది, కచేరీ వాళ్లది వచ్చింది. చివరికి తక్కెడ కిందపెట్టి, "అంతా వచ్చింది," అన్నాడు. అని గోనెతట్టు వైపు చూశాడు.

"కడుగుడు పిండి..."

గింజలు ఎక్కువున్నది అదే. తిన్నది ముసలిది. ఒకసారి తినే ఉంటుంది. రెండోసారికి గుండె ఆగుతుందని కాంపౌండరు చెప్పిన మాట మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేను పరుగెత్తాను.

పెద్దవ్వ గుడిసెలో పొయ్యి వెలుగుతోంది. పరాతలో ఎర్రటి పిండి ముద్ద. పెంక మీద ఒక రొట్టె అప్పుడే వేసినట్టుంది, పైన తడి ఇంకా ఆరలేదు. పొయ్యి వెలుతురు కళ్లలో పడకుండా ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. పగలంతా ఎవరూ ఆమెను చూడలేదు. ఆమె బయటికి రాలేదు.

"పెద్దవ్వా, ఆపు. గా పిండి మంచిది గాదు."

"నాకెర్కే."

"ఎర్కుండి కాలుస్తున్నవా?"

"ఎర్కుండే గదరా కాలుస్తున్న. జల్లెడల లొల్లి నాకు ఇనవడ్డది. నేను జల్లించలే." రొట్టె అంచును వేలితో ఒత్తింది. "నిన్న తిన్న. వాడొచ్చిండు."

నేను సంచీ నేల మీద పెట్టాను.

"గీడ్నే కూసున్నడు, గా గడప మీద. గదే గొంగడి. మీసాలొచ్చినయి. బక్కగైండు. ఇన్నొద్దులు ఇంటి ముచ్చట్లన్ని కుప్పపడి ఉండె గద, చెప్పుకుంటపోయిన. బర్రె సచ్చింది చెప్పిన, కప్పు కురుసుడు చెప్పిన, మీ గిర్ని ముచ్చట చెప్పిన."

"వాడేమన్నడు?"

"ఏమంటడు? ఊ అన్నడు. నేను చెప్తుంటే వాడు ఊ... ఊ... గంతే. తెల్లారక ముందే, మబ్బుల లేచిపోయిండు."

"ఇంకోపారి తింటే నువ్వు లేవవంటున్నడు దవాఖానాయన."

"నేను లేవకుంటే వాడు సుత లేచిపోడు," అంది. అందులో మొండితనం లేదు. రొట్టెకు ఇంకెంత మంట కావాలో చెప్పినట్టు చెప్పింది. "నీకు పుణ్యముంటదిరా, పోరా. మీ బాపుకు చెప్పు, పిండి అయిపోయిందని."

పరాత లాక్కుని పరుగెత్తొచ్చు. ముసలిది అడ్డం పడగలదా? కానీ పిండి లాక్కుంటే ఉమ్మెత్త మాత్రం ఎక్కడ లేదు? ఏటి ఒడ్డంతా అదే. ఆమె చేత్తో ఆమే ఇస్తేనే నేను గెలిచినట్టు. నేను గడప మీద కూర్చున్నాను, ఆమె కొడుకు కూర్చున్న చోటే.

"పెద్దవ్వా, వాని ముచ్చట నేను జెప్త. పిండి నాకియ్యి."

"నువ్వు గప్పాలోనివి."

"గీ పిండి చెప్పేది మాత్రం నిజమా?"

ఆమె భుజాలు కదిలాయి. నవ్విందన్నమాట. "సరే, చెప్పు. రొట్టె కాలేదాక ఇంట. మంచిగ లేకుంటే తింట."

రొట్టె ఎంతసేపట్లో కాలుతుంది? నేను మొదలుపెట్టాను.

"నీ కొడుకు ఏరు దాటే నాడు పడవ దొరకలే. టేకు దుంగ ఒకటి కొట్టుకచ్చింది. దాని మీద కూసున్నడు. ఏరు కిందికి పారాలె గదా? వాన్ని జూసి జాలివడి మీదికి వారింది."

"ఊ."

"మీదికి, మీదికి, కొండలు దాటి ఒక ఊరికి తీస్కపోయింది. ఆ ఊర్ల ఎప్పుడు పత్తి ఏరే కాలమే. మనుషులు మంచోళ్లు, కని వాళ్లకు మాట లేదు. సైగలు చేసుకుంటరు. నీ కొడుకే వాళ్లకు మాటలు నేర్పిండు."

"ఊ."

"వానికి మాత్రం ఏమొచ్చు? నువ్వు తిట్టిన తిట్లే యాదికున్నయి. గవే నేర్పిండు. ఇప్పుడు ఆ ఊర్ల ఎవలు ఎదురొచ్చినా దండం పెట్టరు. ఓరి సచ్చినోడా, ఏడ వడి సచ్చినవురా, బువ్వ తిన్నవా, అని పలకరించుకుంటరు. ఊరంత నీ గొంతే."

పొయ్యిలో పుల్ల చిటపటలాడింది. రొట్టె వాసన వస్తోంది. ఆమె పెంక వైపు చూడలేదు.

"మరి ఎందుకు వస్తలేడు?" అంది.

"వాళ్లు రానిస్తలేరు. వాడు పోతే మాటలు మర్చిపోతమని భయం. పొద్దుగూకంగనే వాని చుట్టు కూసుంటరు, ఇంకొక తిట్టు చెప్పుమంటరు."

"ఊ," అంది పెద్దవ్వ. చాలాసేపు అన్నది, ఆ ఒక్క ఊ. రొట్టె మాడి, నల్లబడి, అంచులు పైకి లేచి, పొగ గుడిసె నిండా కమ్ముకుంది. ఆమె పెంక దించి, మాడిన రొట్టెను నా సంచీలో పడేసింది. తర్వాత పరాతలోని ముద్ద. తర్వాత మూలన గొంగడి ముక్క కింద దాచిన కుండ తెచ్చి, వంచి, అడుగున చేత్తో తుడిచి మరీ పోసింది. పిండి సంచీలోకి జారుతున్న శబ్దం వానలా ఉంది.

ఊరి పిండంతా గిర్ని వెనక గుంట తవ్వి, సున్నం చల్లి పూడ్చాం. గొడ్లకు కూడా వేయొద్దని బాపు పక్కనే నిలబడి కావలి కాశాడు. పంతులు, జవాను, గాలిలో పత్తి ఏరిన ఆడవాళ్లు, అందరూ తేరుకున్నారు. ఏం చూశారని అడిగితే ఏమీ లేదనేవాళ్లు, అని కాసేపు ఎటో చూసేవాళ్లు. బాపు మిరపకాయల తట్టు వేరు, జొన్నల తట్టు వేరు చేశాడు. ఆ పైన బతికినంతకాలం ఏ మూట వచ్చినా లోపలి దాకా చెయ్యి పెట్టి, అనుమానంగా ఉన్న గింజను పంటితో కొరికి, ఉమ్మి, అప్పుడు గానీ ఇంజను చక్రం తిప్పేవాడు కాదు. నేను రోజూ పొద్దుగూకే వేళ అవ్వ కడుగుడు పిండితో కాల్చిన రొట్టెలు పట్టుకుని వెనక సందులోకి వెళ్లేవాణ్ని. ఆ పైఊరి కథ పెరుగుతూ పోయింది. కొడుక్కి పెళ్లి అయింది, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలూ తిట్లతోనే మాటలు నేర్చుకున్నారు. పెద్దవ్వ చివరిదాకా మా కడుగుడు పిండే తిన్నది. బాపు కొరికి చూసిన జొన్నలదే.

ఇక్కడిదాకా రాసి పెరట్లోకి వెళ్లాను. రాయి ఇంకా తడిగానే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను కాబట్టి, ఒకటి సరిచేయాలి. గోదారి ఉప్పు అడగడం నిజం, నేను విన్నాను. గోడకు ఎక్కాలు, డప్పుకు జోల, మేకకు సలాము, నా ముక్కుపుల్ల మాయ, అన్నీ నిజం. పెద్దవ్వ చెప్పమన్న మాటా, రొట్టె కాలేదాకా అన్న గడువూ నిజమే.

కథ చెప్పింది మాత్రం నేను కాదు.

గడప మీద కూర్చుని నోరు తెరిచాను. నాలుక పొద్దుటి లాగే ఎండిపోయి ఉంది. గప్పాల్లో ఒక్కటీ రాలేదు. "వాడు ఏరు దాటినంక..." అన్నాను, ఆగిపోయాను. పెద్దవ్వ పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. "నీతోని గాదు తియ్యి," అని తనే మొదలుపెట్టింది. టేకు దుంగ ఆమెదే. మీదికి పారిన ఏరు ఆమెదే. తన తిట్లతో మాట్లాడుకునే ఆ ఊరు మొత్తం ఆమెదే. ఎందుకు వస్తలేడని అడిగింది నేను. ఆమె తడుముకోకుండా చెప్పింది. ఆ తర్వాత రోజూ సాయంత్రాలు కూడా ఆమెవే. కోడలు ఎట్లుంటదో, పిల్లలకు ఏం పేర్లు పెట్టిండ్రో ఆమే చెప్పేది.

నేను ఊ అన్నాను. రొట్టె మాడేదాకా, పొయ్యి ఆరేదాకా, గడప మీద కూర్చుని, ఊ... ఊ... అన్నాను.